ఆర్గురి సేన

ఊరగాయలనుగూర్చియు, పసిబిడ్డల పెంపకమునుగూర్చియు, వ్రతవిధానములనుగూర్చియు వ్రాయవలసిన చోట మేము వింతజంతువుల పోరాటమునుగూర్చి వ్రాయబూనుట కొందరికి వెగటుగా తోపవచ్చును. కాని ఇంట ఎదుగుచున్న మగపిల్లవాడున్న తల్లులలో అనేకులకు ఈ జంతువుల పేర్లు చెవిని పడియే యుండును. మాకును మొన్నటి కార్తికమాసము వరకు అవి చెవిని పడిన పేర్లు మాత్రమే. ఆ మీదట జరిగిన కథ మా సంసారమునకు ఒక మేలు చేసినది కావున చెప్పుచున్నాము.

మాది ఆర్గురి సంసారము. అత్తగారు, మామగారు, బడిపంతులుగారైన మావారు, మేము, పదుమూడేండ్ల కుమారుడు, పదియేండ్ల కుమార్తె. గడచిన వేసవిలో మావారికి బదిలీయై గోదావరి తీరమున నొక చిన్న పట్టణమునకు వచ్చితిమి. పాతయూరి స్నేహితులను విడిచిన నాటినుండి అబ్బాయి మాటలు తగ్గించెను. దసరానాడు అత్తగారు పెరటిగడప తట్టుకొని పడి తుంటియెముక విరుగగొట్టుకొనిరి. శస్త్రచికిత్స జరిగినది గాని మంచము దిగుటకు నెలలు పట్టునని వైద్యులు చెప్పిరి. ఆ గందరగోళమున పిల్లవానిని పట్టించుకొన్నవారు లేరు. వాడు బడినుండి వచ్చినదే తడవుగా తండ్రిగారి పాత లాప్టాపు తెరచి, భాగ్యనగరమున ఇంజనీరింగు చదువుచున్న మా అన్నగారి కుమారునితో ఇంటర్నెట్టున పోకెమాన్ పోరాటములాడుచుండెను. ఆడిన ప్రతిసారి ఓడుచుండెను. పదునొకండవ ఓటమినాడు లాప్టాపు మూత దఢాలున మూసి, అన్నము ముట్టక, గోడవైపు తిరిగి పడుకొని ఏడ్చెను.

మావారికి కోపము వచ్చెను. "సంక్రాంతి బరులలో కోడిపందెములకు దీనికి భేదమేమి? పలనాటివారి కొంప కూల్చినది కోడిపోరే గదా! రేపటినుండి ఆ పెట్టె బీరువాలో పెట్టి తాళము వేసెదను" అనిరి. పిల్లవాడు పడుకొన్నచోటనుండియే, "ఇందులో కత్తులు కట్టరు నాన్నా, ఏదియు చావదు. సొమ్మసిల్లును, మరల లేచును" అనెను. ఆ సమాధానము మాకు నచ్చినది. "ఏమండీ, ఒక్క వారము గడువిండు. వీడేమి చేయుచున్నాడో మేము చూచెదము" అని మావారిని వేడుకొంటిమి. వారు తల యూపిరి.

మాకు బడిచదువు తక్కువ. మాతామహుల యొద్ద భారతము, భాగవతము, నీతిచంద్రిక చదువుకొన్నవారము. మాకు తెలిసిన పోరాటములన్నియు కురుక్షేత్రమునవే. అయినను మరునాడు అత్తగారికి మందులిచ్చి, అబ్బాయి ప్రక్క కూర్చుండి, "నీ సేన ఎట్టిదో చెప్పు నాయనా" అని యడిగితిమి. వాడు మొదట అనుమానముగా చూచి, పిదప గుక్క తిప్పుకొనక చెప్పసాగెను.

ఈ ఆటను 1996 వ సంవత్సరమున జపానుదేశమున సతోషి తజిరి యను నతడు తన సహచరులతో గూడి వెలువరించెను. బాల్యమున పురుగులను పట్టి దాచుకొను వేడుక యుండుటచే అతనికి ఈ ఆలోచన పుట్టెనట. తొలుత నూటయేబదియొక్క జంతువులుండగా ఇప్పుడు వేయికి పైబడినవి. పందెపు పోటీలలో ఒక్కొక్కరు ఆరు జంతువులను కూర్చుకొని వచ్చెదరు. ఎదుటివాని ఆరింటిని చూచిన మీదట, తన ఆరింటిలో నాల్గింటిని ఏరుకొని, రెండేసి చొప్పున రంగమున నిలిపెదరు. ఒక్కొక్కదానికి నాలుగు విద్యలు మాత్రమే యుండును. ఇక ప్రతి జంతువునకు ఒకటి గాని రెండు గాని తత్త్వములు కలవు. తత్త్వములు మొత్తము పదునెనిమిది. నిప్పు గడ్డిని కాల్చును, గడ్డి నీటిని పీల్చును, నీరు నిప్పు నార్పును. పిడుగు నేలతత్త్వమును అంటనే యంటదు. సరిపడని తత్త్వము తగిలినచో దెబ్బ రెట్టింపగును. జంతువునకున్న రెండు తత్త్వములకును అది సరిపడనిచో నాల్గింతలగును.

ఇది విన్నంతనే మాకు వంటయింటి మర్మము తోచినది. ఏ కూరకు ఏది సరిపడునో, ఏది విరుగుడో తెలియనిది వంట సాగునా? గోడనున్న పాత క్యాలెండరు కాగితము వెనుకవైపు తిప్పి, నిలువున అబ్బాయి జంతువులారింటి పేర్లును, అడ్డముగా పదునెనిమిది తత్త్వములును వ్రాసి, వాడు చెప్పుచుండగా గడులు నింపితిమి. వాని సేనలో చారిజార్డు, డ్రాగనైటు, సాలమెన్సు, గార్చాంపు, గ్యారడోసు, టైరానిటారు అనునవి యుండెను. అన్నియు కోరలు, రెక్కలు, మంటలు గల మహాకాయములే. కాని గడులు నిండిన పిదప చూడగా, మంచుదెబ్బకు మూడు జంతువులు నాల్గింతలు గాయపడుచున్నవి. రాతిదెబ్బకు నాలుగు జడియుచున్నవి. మా మేనల్లుడు వేరే తెలివి చూపనక్కరలేకుండ, ఒక మంచువిద్యయు ఒక రాతివిద్యయు చేతబట్టుకొని వీని సేననంతటిని కూల్చుచుండెను.

"ఒక్కొక్కటి విడిగా బలమైనదే కదమ్మా" అని వాడు వాపోయెను.

"అందరును దుర్యోధనులే యైనప్పుడు పాండవులు గెలువక యేమి చేయుదురు?" అంటిమి. ఉద్యోగపర్వమున యుద్ధసాహాయ్యము కోరి ద్వారకకు వెళ్లిన ఇద్దరిలో దుర్యోధనుడు నారాయణబలమును గైకొని సంతసించెను. అర్జునుడు ఆయుధము పట్టనని చెప్పిన కృష్ణుని కోరుకొనెను. పోరువాడొకడు, పగ్గము పట్టువాడొకడు, దెబ్బ కాచువాడొకడు ఉన్నప్పుడు గదా అది సేన యనిపించుకొనును. వాడు కన్నులు పెద్దవి చేసికొని వినెను. కృష్ణుని కథ వాడెన్నిమార్లో విన్నదే. కాని తన పనికి వచ్చునని ఆ దినముననే తెలిసికొనెను.

మంచముమీదనుండి మా సంభాషణ ఆలకించుచున్న అత్తగారు, "పులిజూదము ఎరుగరట్రా? మూడు పులులు, పదునైదు మేకలు. ఒంటిగా దొరికిన మేకను పులి మ్రింగును. వెనుక తోడున్న మేకను దాటలేదు. తోడు విడువని మేకలే పులిని కట్టును" అనిరి. దసరా తరువాత ఆమె నోట అంత పెద్దమాట వచ్చుట అదియే మొదలు. ఆ సాయంకాలము అబ్బాయి పలకమీద గీతలు గీసి, చింతగింజలతో నాయనమ్మతో పులిజూదమాడెను. మూడుమార్లును వాని పులులు కట్టుబడినవి.

ఆ రాత్రి వాడు మాకొక కథ చెప్పెను. 2014 వ సంవత్సరమున అమెరికాలోని వాషింగ్టను నగరమున జరిగిన ప్రపంచపోటీలో దక్షిణకొరియాదేశస్థుడైన పార్క్ సెజున్ అను యువకుడు విజేత యయ్యెను. అతని సేనలో పచిరిసు అను నొక ఉడుత యుండెను. దాని పొడవు నలుబది సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోలైనను లేదు. దానిని పోటీకి తెచ్చువారే అరుదు. ఆ యుడుతకు 'ఫాలో మి' అను విద్య కలదు. దానిని ప్రయోగించినచో, ప్రక్కనున్న తోటిజంతువుమీదికి గురిపెట్టిన దెబ్బ తనమీదికి వచ్చును. గ్యారడోసు ఆరున్నర మీటర్ల మహాసర్పము, రెండువందల ముప్పదియైదు కిలోల బరువు. కాని పిడుగుదెబ్బ దానికి నాల్గింతలు తగులును. ఉడుతకో, పిడుగు తగిలినచో గాయపడుటకు మారుగా ప్రాణబలమున నాల్గవవంతు కోలుకొను గుణమున్నది. కావున ఉడుత ప్రక్క నిలిచినంతవరకు సర్పమునకు పిడుగుభయము లేదు. సేతువు కట్టునాటి ఉడుత మాకు తలపునకు వచ్చినది.

ఇక సేనను మరల కూర్చితిమి. గ్యారడోసును, గార్చాంపును ఉంచి, తక్కిన నాల్గింటిని విడిపించితిమి. అబ్బాయి చారిజార్డును విడుచుటకు ఒకపూట దుఃఖించెను. దాని చోట నిప్పుతత్త్వమునకు ఆర్కనైను అను పులిచారల కుక్కను తెచ్చితిమి. అది రంగమున అడుగిడినంతనే ఎదుటి రెండింటి భౌతికదాడి మూడవవంతు తగ్గును. గడ్డితత్త్వమునకు విమ్సికాటు అను దూదిపింజవంటి చిన్నది వచ్చెను. అది అందరికంటె ముందుగా అనుకూలవాయువును వీపించి, నాలుగు వరుసలపాటు తనవారి వేగమును రెట్టింపు చేయును. ఇనుముతత్త్వమునకు సిజరు అను ఎర్రని కీటకవీరుడు చేరెను. మంచుదెబ్బ వానిపై సగమే పనిచేయును. ఉడుత సరేసరి. నిప్పు, నీరు, గడ్డి యొకదాని లోపమొకటి కప్పును. నాగము జడియుచోట ఇనుము నిలుచును. ఇనుము జడియు నిప్పును నీరు ఓర్చుకొనును. కాగితముమీది గడులు మరల నింపగా, ప్రతి తత్త్వమునకును జడియని దొకటైనను కానవచ్చెను. ఏ భయమును లేని సేన యెచ్చటను లేదు. ఒకరి భయమును కప్పువాడు ప్రక్కనున్నాడా యన్నదే చూడవలసినది.

శిక్షణలెక్క మాకు మరింత ముచ్చట గొల్పినది. 2022 లో వెలువడిన స్కార్లెట్, వయొలెట్ అను ఆటల పద్ధతిలో ఒక్కొక్క జంతువునకు 510 శిక్షణాంకములు దొరకును. ప్రాణబలము, దాడి, కాపు, విశేషదాడి, విశేషకాపు, వేగము అను ఆరు గుణములకు వానిని పంచవలెను. ఏ గుణమునకును 252 కు మించి యీయరాదు. అనగా రెండు గుణములు నిండినచో చేతిలో ఆరే మిగులును. ఒకటవ తేదీనాడు జీతము చేత బట్టుకొని బియ్యము, పాలు, ఫీజులు, మందులు అని పంచుకొను ఇల్లాలికి ఈ లెక్క ఒకరు నేర్పవలయునా? "ఉడుతకు దాడియెందుకు? ప్రాణమునకు, కాపునకు ఇమ్ము. గార్చాంపునకు దాడి, వేగము" అని మేము చెప్పగా, పెద్దలు చేయునదియు అదియే నని అబ్బాయి ఆశ్చర్యపడెను.

ఆదివారమునాడు మా మేనల్లునితో తొలిపోరు. గార్చాంపును, ఉడుతను జతగా నిలిపి, వాడు ఉత్సాహమున భూకంపవిద్యను ప్రయోగించెను. భూకంపము ఎదుటివారినే గాక ప్రక్కనున్న తనవానినిగూడ కొట్టునని వాడెరుగనివాడు కాడు, తొందరలో మరచెను. పిడుగుతత్త్వమునకు నేలదెబ్బ రెట్టింపు. ఉడుత తనవాని చేతనే నేలగూలెను. పోరు ఓడెను. కర్ణుని రథముమీద శల్యుని కూర్చుండబెట్టినట్లయినది. ఇద్దరును మహావీరులే, కాని ఒకని మాట ఇంకొకని బలమును హరించినది. భూకంపపు గార్చాంపు ప్రక్క ఎగురు జాతిని నిలుపవలెను. గ్యారడోసును నేలదెబ్బ అంటదు.

ఆ ఓటమిని చూచి మావారు పిల్లవానిని పెద్దగా గద్దించిరి. వాడు తలవంచుకొని వెడలిపోయెను. మాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపము పిల్లవానికై విసరినదే, కాని వానికి తగిలినంత మాకును తగిలినది, మంచముమీది అత్తగారికిని తగిలినది. ఇంటిలో అరచిన అరపు భూకంపమువంటిదే. ప్రక్కనున్నవారిని విడిచిపెట్టదు. తెల్లవారి మావారికి కాఫీ ఇచ్చుచు ఆటలోని మాటగా ఈ సంగతి చెప్పితిమి. వారు బదులు పలుకలేదు. కాఫీ త్రాగి, బడికి పోవుచు, గుమ్మమున ఆగి, "ఆ ఉడుత పేరేమి?" అని అబ్బాయిని అడిగిరి.

రెండవ పోరున వాడు ఉడుతచే ప్రతి వరుసలోను 'ఫాలో మి' అనిపించెను. అన్ని దెబ్బలును అదియే పడెను. మూడవ వరుసలో సొమ్మసిల్లెను. దానినే నమ్ముకొన్న గ్యారడోసు ఆ వెంటనే కూలెను. "ఒక వరుస దెబ్బ కాచినచో ఒక వరుస 'రక్షణ' అను విద్యతో తన్ను తాను కాచుకొనవలెనమ్మా. అది వరుసగా రెండుమార్లు చేసిన తప్పిపోవచ్చును, కాని విడిచి విడిచి చేయవలెను" అని వాడే తన తప్పు పట్టుకొనెను.

ఆ గురువారము తెల్లవారుజామున అత్తగారికి పక్కబట్టలు మార్చి, నీళ్లు కాచి, పిల్లలకు డబ్బాలు కట్టి, మామగారికి ఇడ్లీపాత్ర దించబోవుచు వంటయింట మేము కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోయితిమి. ఆసుపత్రిలో రక్తము పరీక్షించి, హీమోగ్లోబిను ఎనిమిది గ్రాములే యున్నదని చెప్పి, ఇనుపధాతువు మాత్రలు వ్రాసిరి. "ఎన్నాళ్లనుండి నీరసముగా నున్నది?" అని వైద్యురాలు అడిగినప్పుడు మాకు జవాబు దొరకలేదు. అట్టిది గమనించుటకు తీరిక యెప్పుడున్నది?

ఇంటికి వచ్చి పడుకొనియుండగా అబ్బాయి ప్రక్కన కూర్చుండి చాలసేపు మాటలాడలేదు. పిదప మెల్లగా, "అమ్మా, పార్క్ సెజున్ తన పచిరిసు చేతికి ఏమిచ్చెనో తెలియునా? సిట్రసు పండు. ప్రాణబలము సగమునకు దిగగానే అది తిని నాల్గవవంతు కోలుకొనును. అది యిచ్చినందుననే అది అంతసేపు నిలిచినది" అనెను. కొంత తడవాగి, "నీ చేతికి మే మేమియు ఇయ్యలేదు" అనెను.

మేము వారించితిమి గాని, గుమ్మమున నిలిచియున్న మావారు ఆ మాట వినిరి.

సోదరీమణులారా, ఇట్టి సందర్భమున కథలలో అందరును ఒక్కనాటిలో మారిపోవుదురు. మా ఇంట అట్లు జరుగలేదు. మావారు చేసిన తొలి కాఫీ మామగారు ఒక గ్రుక్క త్రాగి చెట్టుమొదట పోసిరి. మూడునాళ్లు పాలు పొంగి పొయ్యి ఆరినది. అయినను పని పంపకమైనది. తెల్లవారి అత్తగారి పనులు మావారివి. పాలు, కూరలు తెచ్చుట మామగారిది. సాయంకాలము నాయనమ్మ ప్రక్క కూర్చుండి ఆమెను నాలుగడుగులు నడిపించుట అబ్బాయిది. చిక్కుడుకాయలు తుంచుట, డబ్బాలు కడుగుట అమ్మాయిది. మంచముమీదినుండియే పప్పులేరుట, చాకలిపద్దు చూచుట అత్తగారు తామే అడిగి పుచ్చుకొనిరి. పని చేతికి వచ్చిన పిదప ఆమె ముఖమున కళ వచ్చినది. ఆమె ఇంతకాలము ఇంటికి భారమైతినని కుమిలియుండెనని మాకు అప్పుడు గాని తెలియలేదు.

సంక్రాంతి సెలవులకు మా మేనల్లుడు వచ్చి, మా వసారాలోనే మూడు పోరులాడెను. ఊరి వెలుపల బరులలో కోళ్లు పోరుచుండగా, మావారు అటు పోక ఇక్కడనే కుర్చీ వేసికొనిరి. మొదటిది మా అబ్బాయి ఓడెను. రెండవదానిలో ఉడుత రెండు పిడుగులు కాచి, ఒకమారు తన్ను కాచుకొని, గ్యారడోసును కడవరకు నిలిపెను. ఆ పోరు మావాడు గెలిచెను. పండ్రెండు పోరులకు మించి ఓడిన తరువాతి తొలి గెలుపది. మూడవదానిలో వెంట్రుకవాసిలో మరల ఓడెను. ఓడినవాడు లాప్టాపు మూత మెల్లగా మూసి, "విమ్సికాటును ముందే దింపవలసినది" అని తనలో తానుకొని, వచ్చి కడుపునిండ పులిహోర తినెను. మాకు కావలసిన గెలుపు అదియే.

ఆ పాత క్యాలెండరు కాగితము నేటికిని మా వంటయింటి గోడనే యున్నది. దాని ప్రక్కన ఇంకొక కాగితము అబ్బాయి అంటించెను. నిలువున మా ఆర్గురి పేర్లు, అడ్డముగా ఇంటిపనులు. మా పేరెదుట మధ్యాహ్నము రెండు గంటలనుండి మూడు గంటలవరకు గల గడిలో 'రక్షణ' అని ఎర్రసిరాతో వ్రాసెను. ఆ గంటలో మమ్ము ఎవరును పిలువరాదు. ఈ వ్యాసము నాలుగు దినములు ఆ గంటలోనే వ్రాసితిమి.

మీ ఇండ్లలోను అట్టి కాగితమొకటి గీచి చూడుడు. ఏ దెబ్బ ఎవరిమీద పడుచున్నదో గడులు నింపినగాని తెలియదు. అన్ని గడులలోను ఒక్క పేరే కనబడినచో, ఆమె చేతికి పండెవరు ఇచ్చుచున్నారో ఇంటివారిని అడుగుడు.